ఖాజా భాయ్ దుకాణం లేని ఊరు

అక్కకు,

నీ చెల్లెలు సునీత నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను, నా గురించి బెంగ పెట్టుకోకు. అక్కడ మీరంతా కులాసాయేనా? బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని నవ్వకు. ఇక్కడి గోడలు అట్టముక్కల్లా ఉంటాయి, పక్క గదిలో రెహానా ఉంటుంది. చెప్పాల్సింది ఆమె సంగతే.

ఆమెదీ మన నాంపల్లేనని, నాతోపాటే ఈ జర్మనీ ఊరి ఆసుపత్రికి నర్సుగా వచ్చిందని చెప్పాను కదా. వచ్చినప్పటి నుంచీ మాకు ఒకే పొయ్యి, ఒకే గిన్నె. మాంసమంటే ఆమెకు అల్లా పేరు చెప్పి కోసిన హలాల్‌దే కావాలి. ఆ దుకాణానికి రైలెక్కి పోవాలి. డ్యూటీలతో కుదరక పప్పుతో, గుడ్డుతో నెట్టుకొస్తోంది. దొరకని చోట బిస్మిల్లా అనుకుని తినొచ్చని వాళ్ల అన్న అంటాడు, అమ్మ వద్దంటుంది. "అన్న మాట ఇందామన్నా ముద్ద దిగుతలేదు సునీతా" అంటుంది ఆమె.

పోయిన వారం ఆమెకు జ్వరం వచ్చి మంచం దిగలేదు. బయట ఒకటే మంచు. నా ప్రాణం ఉసూరుమని, కింద సూపర్ మార్కెట్‌లో కోడి తెచ్చి మిరియాలు వేసి సూప్ కాచాను. పంది కాదు కదా, కోడే కదా అనుకున్నాను. మన ఇంట్లో కోడైనా మటనైనా గల్లీ మూలన ఖాజా భాయ్ దుకాణం నుంచే. ఆయన ఏమని కోస్తాడో మనం ఎన్నడైనా అడిగామా? కోడంటే అందరూ తినేదేనని నా బుర్రలో పాతుకుపోయింది.

రెండు మూడు చెంచాలు తాగాక, "యాడ దొరికింది?" అంది. చెప్పాను. చెంచా కింద పెట్టేసింది.

"జర ముందుగాల అడగకపోతివా? నీ మీద గుస్సా లేదు, నా కోసమే చేసినవ్. తెల్వక తిన్నదానికి అల్లా మాఫ్ చేస్తడు."

అలా అంటూనే వెళ్లి నోరు కడుక్కుని వచ్చింది. ఆమె కళ్లలో నీళ్లు చూశాను. ఆ పూట నాకూ అన్నం సయించలేదు.

శనివారం రైల్లో పోయి హలాల్ దుకాణంలో కోడి తెచ్చాను, ఒక కొత్త గిన్నె కూడా కొన్నాను. ప్యాకెట్ మీది ముద్ర చూపించాకే వండాను. తిన్నది, నవ్వింది కూడా. కానీ పెద్ద నగరంలోని ఆసుపత్రికి మార్చమని అడిగిందట, అక్కడ అన్నీ దొరుకుతాయట. ఆమె పోతే ఈ ఊళ్లో నాతో తెలుగు మాట్లాడే మనిషే ఉండదక్కా. రోజూ అదే ఫికర్. కడుపు మాడ్చుకుని నా కోసం ఉండమని ఏ నోటితో అడగను?

ఒక్క పని చేసిపెట్టు. మా పేర్లు చెప్పకుండా ఖాజా భాయ్‌ని అడుగు, సూప్ కాచిన ఆ పాత గిన్నె బాగా తోమితే మళ్లీ పనికొస్తుందా, పక్కన పెట్టాల్సిందేనా అని. రెహానాను అడగాలంటే భయంగా ఉంది. వీలైతే బేగం బజార్ నుంచి కాస్త బిర్యానీ మసాలా పంపు.

పెద్దమ్మకు నా దండాలు. పిల్లలను మొజంజాహీ మార్కెట్‌కు తీసుకుపోయి నా పేరున ఐస్‌క్రీమ్ తినిపించు. నా మనసు నిమ్మళించాలని నువ్వూ బావగారూ దీవించండి.

నిన్న టమాటా పప్పు వడ్డించాను. రెహానా ముద్ద కలపబోయి ఆగింది. నా మొహం చూడకుండా, "ఇండ్ల ఏమేసినవ్?" అంది. పప్పు, టమాటా, ఉప్పు అన్నాను. తిన్నది. ఇన్నాళ్లలో నా చేతి పప్పును అలా అడగడం అదే మొదటిసారి అక్కా.

నీ చెల్లెలు
సునీత