బొంగురుపిట్ట విడుదల

ప్రియమైన పెద్దమ్మకి,

నీ బొంగురుపిట్ట రాయునది. నేను బాగానే ఉన్నాను. నువ్వూ, పెదనాన్నా, షాపులో మిషన్లూ బాగున్నారని తలుస్తాను. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని కంగారు పడకు. కొత్త పాట బయటికి పొక్కకూడదని కంపెనీ వాళ్ళు మా నలుగురి ఫోన్లూ బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎత్తినా లాభం లేదులే. మన డ్రైక్లీనింగ్ మిషన్ల మోతలో నేను "హలో" అంటే నువ్వు "ఎన్ని చొక్కాలు?" అంటావు.

మా "గలగల" గ్రూపు నలుగురికీ ఒకటే గది. పొడుగమ్మాయి పడుకుంటే పాదాలు మంచం దాటి గోడకి తగులుతాయి. ఉంగరాల జుట్టు పిల్ల అద్దాన్ని వదలదు. నవ్వులపిల్ల నిద్రలో కూడా నవ్వుతుంది. స్టేజీ మీద నేను ఎడమ చివర, అందరికంటే వెనక. పాటంతా వాళ్ళు పాడతారు. నేను కింది స్వరంలో "ఊఁ ఊఁ" అంటాను, ఎవరో కథ చెబుతుంటే ఊకొట్టినట్టు.

అసలు విషయం. నిన్న మా మేనేజరమ్మ నన్ను ఒక్కదాన్నే గదిలోకి పిలిచి తలుపు వేసింది. చాలాసేపు మాట్లాడింది. సంతకం పెట్టమంది, పెట్టేశాను. నన్ను గ్రూపు నుంచి విడదీస్తున్నారు. ఆ ముగ్గురికీ నేనింకా చెప్పలేదు. 

ఇట్లు,
నీ బొంగురుపిట్ట

తా.క.: వచ్చే నెల నా విడుదల. పెదనాన్నకి తప్ప ఎవరికీ చెప్పకు.

*

చిరంజీవి పిట్టకి పెద్దమ్మ దీవెనలు.

ఇక్కడ ఎవరం క్షేమంగా లేము. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నా చేతిలో ఇస్త్రీపెట్టె నిలవడం లేదు. ఒకాయన పెళ్ళినాటి కోటు వీపున త్రికోణం పడింది.

ఏం చేశావే? విడుదల వచ్చే నెలంటే అరెస్టు ఎప్పుడైంది? మాకు కబురైనా పెట్టరా? మీ పెదనాన్న కోర్టు గుమాస్తాగా రిటైరైన మనిషి కాబట్టి సరిపోయింది, లేకపోతే నేను ఏమైపోదునో! ఉత్తరం చదివి కళ్ళజోడు తుడుచుకుని, "గ్రూపు నుంచి విడదీశారంటే మిగతా ముగ్గురూ అప్రూవర్లయ్యారన్నమాట" అన్నాడు. తలుపులు వేసి సంతకం పెట్టించుకున్నది చెల్లదట. "వకీలు లేకుండా నోరు విప్పొద్దని రాయి" అంటున్నాడు. నువ్వసలే పాటలు పాడేదానివి, నోరు విప్పకుండా ఎలా ఉంటావో ఏమో.

ధైర్యంగా ఉండు తల్లీ. మా చెల్లెలు పోయిన రోజున నిన్ను చంకనేసుకుని వచ్చినదాన్ని. లోకం ఏమనుకున్నా నువ్వు మా పిల్లవే.

ఆశీస్సులతో,
పెద్దమ్మ

తా.క.: అక్కడ బట్టలుతికే పని ఇస్తే ఒప్పుకో. కానీ ఉన్నివి వేడి నీళ్ళలో వెయ్యకు. మన షాపు పరువు పోతుంది.

*

ప్రియమైన పెద్దమ్మకి,

నన్నెవరూ అరెస్టు చెయ్యలేదు! విడుదలయ్యేది పాట. ఇకనుంచి నేనొక్కదాన్నే పాడతాను. దాన్ని సోలో అంటారు. పెదనాన్నని కాస్త శాంతించమను.

నేను నవ్వుతూ రాస్తున్నాననుకోకు. గలగలని మూసేశారు. ముగ్గురినీ ఇళ్ళకి పొమ్మన్నారు. వాళ్ళు పెట్టెలు సర్దుకుంటుంటే నేను కిటికీ దగ్గర నిలబడి, ఎప్పుడూ చూడనట్టు రోడ్డు చూశాను.  నవ్వులపిల్ల తన మందపాటి మేజోళ్ళు నా మంచం మీద పెట్టి, "స్టూడియోలో చలిగా ఉంటుంది, వేసుకో" అంది. నేను "సరే" అన్నాను. అంతే, ఒట్టి "సరే". ఆ తర్వాత వాళ్ళకి ఉత్తరం రాద్దామని కూర్చుంటాను, "ఎలా ఉన్నారు" దగ్గరే కలం ఆగిపోతుంది.

ఇప్పుడు నాకొక ఫ్లాటు ఇచ్చారు, ఫోన్ మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది. మాట్లాడితే గోడలు నా మాటే నాకు తిరిగిచ్చేంత ఖాళీగా ఉంది.

ఇట్లు,
నీ బొంగురుపిట్ట

తా.క.: పాట శుక్రవారం వస్తుంది. పేరు "నాకెవరూ లేరు". రేడియో పెట్టుకోండి.

*

చిరంజీవి పిట్టకి,

దీవెనలు తర్వాత. ముందు ఇది చెప్పు. నీకెవరూ లేరా?

నేను లేనా? మీ పెదనాన్న లేడా? పెంచి పెద్ద చేసిన ఇద్దరం గుండ్రాళ్ళలా షాపులో కూర్చుని ఉండగా, ఊరూవాడా వినేలా "నాకెవరూ లేరు, నాకెవరూ లేరు" అని అన్నిసార్లు పాడాలా? ఒక్కసారి అంటే ఏదో మాట జారిందనుకుంటాం. బస్సులో అదే, మంగలి షాపులో అదే, పళ్ళ డాక్టరు దగ్గర నా నోట్లో మిషన్ పెట్టి ఆయన కూనిరాగం తీసిందీ అదే.

నిన్న ఒకావిడ పరదాలు తీసుకోవడానికి వచ్చి, "పాపం, ఆ పిల్లకి ఎవరూ లేరటగా! ఇన్నాళ్ళూ మీ దగ్గర పనికి ఉండేదా?" అని అడిగింది. పరదాలు ఆవిడ మొహాన కప్పి పంపుదామనిపించింది. మీ పెదనాన్న దీన్ని బహిరంగంగా చేసిన అబద్ధపు వాంగ్మూలం అంటున్నాడు.

తర్వాత చల్లబడి ఆలోచించాను. పిల్ల ఊరికే అలా పాడదు, ఆ ముగ్గురూ కలిసి దాన్ని ఒంటరిని చేసుంటారు అని తోచింది. పొడుగమ్మాయి ఇంటి చిరునామా నా దగ్గరుంది. గట్టిగా ఒక ఉత్తరం రాశాను. "మా పిల్లకి ఎవరూ లేకుండా చేసింది మీరే" అని మొదలుపెట్టి రెండు వైపులా నింపాను.

ఆశీస్సులతో,
ఉన్న పెద్దమ్మ

తా.క.: పాట బాగుంది. ఎవరితోనూ అనకు.

*

పెద్దమ్మా,

ఆ ఉత్తరం పంపకు! నీకు దణ్ణం పెడతాను. పాటలో ఉన్నది నేను కాదు, ఆ మాటలు రాసినాయనకి ఇల్లంతా జనమే. ఆ ముగ్గురూ నన్ను వదల్లేదు, నేనే వాళ్ళని వదిలి వచ్చాను. మేనేజరమ్మ అడిగితే, "వాళ్ళతో ఒక మాట చెప్పి వస్తాను" అనకుండా తల ఊపేశాను. ఇప్పుడు నువ్వు రాసింది చదివితే నేనే నీకు చాడీలు చెప్పాననుకుంటారు.

పాట పెద్ద హిట్టయింది. గోడల మీద నా బొమ్మ పెట్టారు, ముక్కు కాస్త సన్నం చేసి. కానీ మొన్న టీవీ స్టూడియోలో ఏమైందో తెలుసా? సంగీతం మొదలవగానే నా కాళ్ళు వాటంతటవే ఎడమ చివరికి వెళ్ళి నిలబడ్డాయి. మధ్యలో లైటు ఖాళీ నేల మీద పడుతోంది. కెమెరా ఆయన, "అమ్మా, ఎవరికోసం ఆగారు? మధ్యలోకి రండి!" అని అరిచాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. చరణం అయ్యాక ముందు నుంచి వాళ్ళు పల్లవి అందుకుంటారని, ఊఁ అనడానికి అలవాటుగా ఊపిరి పీల్చుకున్నాను. ఎవరూ అందుకోలేదు.

పెద్ద హాల్లో నా మొదటి కచేరీ పెట్టారు. టికెట్లన్నీ అయిపోయాయట. రాత్రిళ్ళు నవ్వులపిల్ల మేజోళ్ళు వేసుకుని ఖాళీ గోడలకి పాడి వినిపిస్తున్నాను. 

నీ పిట్ట

తా.క.: సబ్బు కొనడానికి వెళితే జనం చుట్టూ మూగి కదలనివ్వలేదు. ఆ గుంపు మధ్యలో నిలబెట్టి నా చేత "నాకెవరూ లేరు" పాడించారు.

*

చిరంజీవి పిట్టకి పెద్దమ్మ దీవెనలు.

ఆలస్యమైంది. ఉత్తరం వెళ్ళింది, వాళ్ళూ వచ్చారు.

సోమవారం షాపు తెరిచేసరికి ముగ్గురూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. పొడుగమ్మాయి తల వంచి లోపలికి వచ్చి నా ఉత్తరం కౌంటరు మీద పెట్టింది.

"ఇది మీరేనా రాసింది, ఆంటీ?"

"నేనే. ఏం?"

"మేము మీ పిల్లని ఒంటరిని చేశామా?"

నవ్వులపిల్ల నవ్వడం లేదు. నాకు లోపల జంకు పుట్టింది కానీ పైకి బింకంగానే ఉన్నాను. మీ పెదనాన్న కౌంటరు వెనక ఎత్తు స్టూలెక్కి, "ఒక్కొక్కరే చెప్పండి" అన్నాడు. మిషన్లు ఆపించాడు. మన షాపు అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

"వెళ్ళిపోయినందుకు కాదు తాతయ్యా మా బాధ," అంది పొడుగమ్మాయి. తాతయ్య అన్నందుకు ఆయన మొహం మాడింది కానీ, విచారణ మీద ఆ కోపం పడనివ్వలేదు. "దాన్ని ఒంటరిగా పాడించమని మేనేజరమ్మని పోరింది మేమే. అలాంటి గొంతుని వెనక నిలబెట్టి ఊకొట్టిస్తారా అని గొడవ పడ్డాం. మేం చెప్పామని తెలిస్తే అది ఒప్పుకోదని, దానికి చెప్పొద్దన్నాం. గ్రూపు మూసేస్తారని మాత్రం అనుకోలేదు. సరే, పోనీ. కానీ వెళ్ళాక ఒక్క ముక్క రాయలేదేం ఆంటీ? మేమంత కానివాళ్ళమయ్యామా?"

ఉంగరాల జుట్టు పిల్ల గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నేను చేతికందిన దుప్పటి ఇచ్చాను. అది కస్టమరుదని తర్వాత గుర్తొచ్చింది.

విన్నావా పిట్టా? నువ్వు సిగ్గుతో రాయలేదు, వాళ్ళు గర్వమనుకున్నారు. ఇవాళే రాయి. "ఎలా ఉన్నారు" దగ్గర కలం ఆగిపోతే దాన్ని వదిలేసి రెండో వాక్యం నుంచి మొదలుపెట్టు.

వాళ్ళని నేనే వెళ్ళనివ్వలేదు, షాపు పైగదిలో ఉంటున్నారు. బట్టలు మడతపెడుతూ పాడుతున్నారు. కోటు కోసం వచ్చిన కుర్చీల షాపాయన విని, తన కొత్త షాపు తెరిచే రోజున పాడమన్నాడు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ

తా.క.: త్రికోణం కోటు ఆయనదే. పాటలు విని సగం శాంతించాడు.

*

ప్రియమైన పెద్దమ్మకి,

నీ ఉత్తరం మేకప్పు గదిలో చదివాను. మేకప్పావిడ నా మొహానికి మళ్ళీ మొదటి నుంచి రంగు వెయ్యాల్సి వచ్చింది. ఆ రోజే ముగ్గురికీ విడివిడిగా రాశాను. పొడుగమ్మాయి జవాబిచ్చింది: "మొద్దూ, బాగా పాడు." ఎన్నిసార్లు చదువుకున్నానో! ఆ కాగితం మడిచి మేజోళ్ళలో దాచుకున్నాను.

ఇప్పుడింకో తలనొప్పి. కచేరీలో నా కంటే ముందు ఒక గ్రూపు పాడాలి. నా స్నేహితురాళ్ళని పిలవమన్నాను. మేనేజరమ్మ, "గ్రూపు కుదిరిపోయింది, వాళ్ళ సంగతి ఆ రోజు చూద్దువుగాని" అని ముసిముసిగా నవ్వింది. ఎవరో నలుగురు ఆడవాళ్ళట, పేరు "ఆవిరి". ఏదో కుర్చీల షాపులో పాడిన టేపు ఆవిడకి చేరిందట. నాకు కాస్త వినిపించింది. పెద్దమ్మా, వాళ్ళలో ఒకావిడ అచ్చం నా గొంతుని అనుకరిస్తోంది! అదే బొంగురు, అదే సాగదీత. నా కచేరీలో నా ముందే నా గొంతు దొంగిలించి పాడుతుందా? కేసు పెట్టొచ్చేమో పెదనాన్నని అడుగు.

నీ పిట్ట

తా.క.: మీ ఇద్దరికీ ముందు వరస టికెట్లు పంపుతున్నాను.

*

చిరంజీవి పిట్టకి పెద్దమ్మ దీవెనలు.

ఒక టికెట్టు తిప్పి పంపుతున్నాను. మీ పెదనాన్న ముందు వరసలో కూర్చుంటాడు. నాకు కుర్చీ అక్కర్లేదు, నేను స్టేజీ మీద ఉంటాను.

నీ ఫిర్యాదు ఆయన విచారణకి తీసుకున్నాడు. ముద్దాయిని నేనే. నీ గొంతు దొంగిలించడం ఏమిటే? నువ్వు పుట్టకముందు నుంచీ అది నా దగ్గరే ఉంది! నిన్ను నిద్రపుచ్చింది ఆ గొంతే. కేసు కొట్టేశారు.

కుర్చీల షాపులో పాడదామంటే వాళ్ళకి కింది స్వరం పాడేవాళ్ళు లేకపోయారు. నేను మిషన్ పక్కన పరధ్యానంగా ఊఁ అంటుంటే పొడుగమ్మాయి చటుక్కున తిరిగి, "ఆంటీ, ఆపకండి" అంది. ఆపలేదు. తర్వాత మేనేజరమ్మ షాపుకే వచ్చింది. సంతకాలు మీ పెదనాన్న ముందు, తలుపులు బార్లా తీసి జరిగాయి. నీకు చెప్పకుండా కచేరీ రోజున ఆశ్చర్యపరుద్దామనుకున్నాం. కానీ నువ్వు కేసంటుంటే ఎలా దాస్తాను?

ఇంకో మాట. అబద్ధమెందుకు, నాకు భయంగా ఉంది. ఇన్నేళ్ళలో నా చేతిలో ఇస్త్రీపెట్టె లేకుండా నిలబడింది లేదు, కుర్చీల షాపులో కూడా కూర్చునే పాడాను. ఆ పిల్లలు చెబుతున్నారు కానీ నాకు ఎక్కడం లేదు. ఈ విద్యలో నువ్వు నాకంటే పెద్దదానివి. స్టేజీ ఎక్కాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలమ్మా? వెంటనే రాయి.

ఇట్లు,
ఆవిరి గ్రూపు, ఎడమ చివర,
పెద్దమ్మ

తా.క.: ఆ రోజు షాపుకి సెలవు. తలుపు మీద "కచేరీకి వెళ్ళాం. బట్టలు తొందరైతే హాలుకి రండి, పాట అయ్యాక ఇస్తాం" అని బోర్డు పెట్టాను. మేనేజరమ్మ చూసి, టికెట్లన్నీ మన షాపులోనే అమ్మాల్సింది అంది.