అల్లుడి ముందు అనరాని మాట

మార్చి 3, 2014. సోమవారం

ఇవాళ మూడు కేసులు. ఒకదాంట్లో నేను గొర్రెల దొంగను. ఇంకోదాంట్లో పెళ్ళాం చేతిలో తన్నులు తిన్న మొగుణ్ణి. మూడోదాంట్లో పోలీసును. కోర్టు ఇంటర్‌ప్రెటర్ ఉద్యోగమే అంత. సాక్షి మా ఖోసా భాషలో "నేను" అంటే నేనూ ఇంగ్లీషులో "నేను" అనాలి. పదకొండేళ్లుగా పగలంతా ఎవరెవరి మాటలో మాట్లాడి ఇంటికొస్తాను. ఇంట్లో నా మాట వినేందుకు ఎవరూ లేరు. మా ఆయన టోబెలా పోయి ఆరేళ్లు. అందుకే ఈ నోట్‌బుక్.

మార్చి 4

కారిడార్ బెంచీ మీద నోబంటు పెద్దమ్మ కూర్చుని ఉంది. డెబ్బై దాటాయి. ఆమె కేసు ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. వచ్చినప్పుడల్లా నాకో ముక్క రొట్టె తెస్తుంది. ఎండు పుల్లలా అయిపోతున్నావేమే పిల్లా, నీకు వండిపెట్టే దిక్కే లేదా అంది. నాకు నలభై ఏడు. నన్ను పిల్లా అనేవాళ్లు ఈ ఊళ్లో ఇంకెవరూ లేరు.

టాక్సీ వ్యానును క్లినిక్ దగ్గర ఆపమని అడిగినందుకు డ్రైవర్ లుయోలో అనేవాడు ఆమెను ఒక మాట అన్నాడు. పద్నాలుగు మంది ప్రయాణికుల ముందు. ఆమె తల్లి ఒంటి గురించి అన్న బూతు మాట. అదేమిటో ఇక్కడ కూడా రాయను.

ఇంతకీ వాడి మీద పెట్టిన నేరం పేరేంటే అని అడిగింది. క్రిమెన్ ఇంజూరియా అన్నాను. అదేం రోగమే అంది. నవ్వు ఆగలేదు. ప్రాసిక్యూటర్ సిజాడు ఒకసారి చెప్పిందే ఆమెకు చెప్పాను. ఇది వెనకటి రోమ్ వాళ్ల మాట. చెంప పగలగొట్టినా, నలుగురిలో పరువు తీసినా వాళ్ల లెక్కలో ఒకే తప్పు. డచ్చివాళ్లు తమ చట్టంతో పాటు ఓడల్లో తెచ్చి ఇక్కడ దించారు. తెచ్చినవాళ్లు మనల్ని తిట్టిన తిట్లకు మాత్రం దాన్ని వాడినట్టు నేను వినలేదు అన్నాను.

అంటే కనబడకపోయినా దెబ్బేనంటావా అని అడిగింది. అవునన్నాను. ఆ రోజు నుంచి ముద్ద దిగకపోతే నాకే పిచ్చెక్కిందనుకున్నానే అంది.

మార్చి 6. సాయంత్రం

తప్పు చేశాను.

పెద్దమ్మ బోనెక్కింది. ముందు బెంచీలో ఆమె అల్లుడు కూర్చుని ఉన్నాడు. మాలో అత్తా అల్లుళ్ల మధ్య హ్లోనిఫా, అంటే నోటి మర్యాద, ఆషామాషీ కాదు. నేను కోడలిగా వెళ్లినప్పుడు మామగారి పేరులోని శబ్దం కూడా నోట రానివ్వకుండా బతికాను. అల్లుడి ముందు అలాంటి బూతు అత్త ఎలా అంటుంది? సిజాడు ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు. పెద్దమ్మ చెప్పింది. అయితే పెళ్లయిన ఆడవాళ్లం ఆ మాటకు బదులు వాడుకునే చాటు మాటతో చెప్పింది. దాని వెనకున్న మాట ఏదో నాకు బాగా తెలుసు, మా అత్తగారే నేర్పింది. దాన్ని ఇంగ్లీషులో పెట్టడం నా పని. అల్లుడి మొహం కనబడింది. "మా అమ్మను ఏదో చెడ్డగా అన్నాడు" అని మాత్రం ఇంగ్లీషులో అనేసి ఊరుకున్నాను.

లుయోలో తరఫు లాయరు చటుక్కున లేచాడు. ఛార్జిషీటులో ఉన్న మాట సాక్షి నోటి నుంచి రానే లేదు, టాక్సీల్లో రోజూ అరుచుకునేదే, ఇదీ ఒక నేరమేనా, కొట్టేయండి అన్నాడు. సోమవారానికి వాయిదా పడింది.

బయట పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. బాగా చెప్పానా పిల్లా అని అడిగింది. బాగా చెప్పావన్నాను.

మార్చి 8

నోరు మూసుకుంటే ఆమె కేసు పోతుంది. తెరిస్తే నా ఉద్యోగం పోవచ్చు, ఆమె అల్లుడి ముందు తలెత్తుకోలేదు. ఎవర్నైనా అడుగుదామని ఫోనులో పేర్లన్నీ చూశాను. సగం పోలీస్ స్టేషన్లే. భయంగా ఉంది.

మార్చి 10

చెప్పేశాను.

ఇంటర్‌ప్రెటర్లం మా సొంత మాట చెప్పేటప్పుడు కోర్టులో "నేను" అనకూడదు. ఇంటర్‌ప్రెటర్ గురువారం తప్పు చేసింది, సాక్షి చెప్పింది పూర్తిగా అందించలేదు అన్నాను. మేజిస్ట్రేటు కళ్లజోడు తీశారు. అయితే ఇప్పుడు అందించండి, రెండు భాషల్లోనూ, రికార్డులో వినబడేలా అన్నారు.

అన్నాను. ఖోసాలో, ఇంగ్లీషులో, మైకులో. అల్లుడు లేచి బయటికి వెళ్లిపోయాడు. పెద్దమ్మ శాలువా మొహం మీదికి లాక్కుంది.

మార్చి 14. శుక్రవారం

నేరం రుజువైంది. శిక్ష ఆరు నెలలు, మళ్లీ నోరు పారేసుకుంటేనే అమలు. రోజూ వినబడుతున్నంత మాత్రాన దెబ్బ దెబ్బ కాకుండా పోదు అన్నారు మేజిస్ట్రేటు. నాకు మెమో ఇచ్చారు. ఉద్యోగం ఉంది.

గేటు దగ్గర పెద్దమ్మ కోసం పరిగెత్తాను. గెలిచాం అన్నాను. వాడన్నప్పుడు ఎవరో పద్నాలుగు మంది విన్నారు, మీరన్నప్పుడు మా అల్లుడు విన్నాడు మేడమ్ అంది. కోపంగా కూడా అనలేదు. టాక్సీ ఎక్కి వెళ్లిపోయింది.

మార్చి 16. ఆదివారం

చర్చికి వెళ్లలేదు. మధ్యాహ్నం తలుపు వేసుకుని, గది మధ్యలో నిలబడి, ఆ మాటతో నన్ను నేనే పైకి తిట్టుకున్నాను. మా అమ్మ పేరుతో సహా. ఎంత తగులుతుందో చూద్దామని.

మంచం కోడు పట్టుకుని కూర్చోవలసి వచ్చింది.