పచ్చళ్ళ ఫైలు

చెన్నై, జూన్ 1999, గురువారం రాత్రి

ఇంట్లో కంప్యూటరు హార్డ్ డిస్కు ఈ సాయంత్రం పూర్తిగా పోయింది. రెండ్రోజులుగా విండోస్ తెరుచుకోవడం లేదని ఆడపడుచు లత తన ఆఫీసు నుంచి ఒక ఫ్లాపీ తెచ్చింది. విండోస్‌కి బదులు వాడే లైనక్స్ అంతా ఆ ఒక్క ఫ్లాపీలో పట్టిందట. దానితో మెషీను లేచి, నల్లటి తెరమీద మా ఫైళ్ళ పేర్లు కనబడగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది. నాలుగేళ్ళుగా రాస్తున్న నవల అందులోనే ఉంది. నవలలో భర్త అచ్చం ఈయనే కాబట్టి, ఈయన తెరవకుండా ఆ ఫైలుకి "పచ్చళ్ళు" అని పేరు పెట్టుకున్నాను.

"డిస్కు టక్కుటక్కు అంటా ఉండాది వదినా, ఎంతసేపు నిలుస్తాదో. ఏది ముందు తీయాల?" అంది లత.

నేను నోరు తెరిచేలోగా ఈయన, "తెలుగు సంఘం సావనీరు తియ్యి మా. పచ్చళ్ళు యాడికి పోతాయి, అమ్మ ఉండాది గదా!" అని నవ్వారు.

నేనూ నవ్వాను. అప్పుడే చెప్పి ఉండొచ్చు. చెబితే చదువుతారు, చదివితే...

సావనీరు సంచిక ఇంకో ఫ్లాపీలోకి వచ్చేసరికి డిస్కు ఆగిపోయింది. లత ఎంత ప్రయత్నించినా మళ్ళీ తిరగలేదు.

భోజనాల దగ్గర నా మొహం చూసి ఈయనకి నిజంగానే జాలేసింది. మంచి మనిషే. నవలలో ఆ సంగతి రాశానో లేదో ఇప్పుడు గుర్తు రావడం లేదు. పురసవాక్కంలో ఉన్న అత్తయ్యకి ఫోను చేశారు. "అమ్మా, రేపొచ్చి దీనికి పచ్చళ్ళన్నీ మళ్ళా చెప్పు. శానా దిగులుగా ఉండాది."

పొద్దున్నే వస్తారట. ఆవిడ కొలతలు చెబుతుంటే కూర్చుని రాసుకోవాలి.