సంతకం కింద

అల్లుడుగారికి,

ఆశీస్సులు. ఇక్కడ నేను కులాసా. అంటే దగ్గు తగ్గలేదు, మోకాలు వంగడం లేదు, మిగతావి వాటి మానాన అవి ఉన్నాయి. నిన్న పొద్దున్న తలుపు తీస్తే మా అమ్మాయి నిలబడి ఉంది. ఒక చేతిలో బట్టల పెట్టె, ఇంకో చేతిలో పని సామాను. కట్టుడు పళ్ళు చేసేవాళ్ళు సామాను మోసుకుని మరీ పుట్టింటికి వచ్చారంటే, ఏదో చూసిపోదామని వచ్చినట్టు కాదని నాకు తెలుసు.

ఏమైందమ్మా అంటే చెప్పింది. గీజరు చెడిపోయిందంటే మీరు "ఊ" అన్నారట. మళ్ళీ చెబితే "ఊ, వస్తోంది" అన్నారట. ఏం వస్తోందో దానికి తెలీదు, నాకూ తెలీదు. ఆఖరికి ఒళ్ళు మండి "నేను వెళ్ళిపోతున్నా" అంటే, కంప్యూటరు మీంచి తల ఎత్తకుండా "తలుపు దగ్గరగా వేసి వెళ్ళు" అన్నారట. ఇది నిజమేనా? దాన్ని ఎందుకు వెళ్ళనిచ్చారు? అసలు మీరు చేసే ఉద్యోగం ఏమిటి? పెళ్ళినాడు అడిగాను, మీరు వివరంగా చెప్పారు, నేను మర్యాదకి తల ఊపాను. ఆ మర్యాద ఇప్పుడు నా మెడకే చుట్టుకుంది.

ఫోన్ చెయ్యకండి. దస్తావేజులు రాసి బతికినవాణ్ణి, నోటిమాట నా లెక్కలోకి రాదు. చెప్పేదేదో కాగితం మీద చెప్పండి.

ఇట్లు,
మీ మామ

తా.క. ఇది నేను. పోస్టాఫీసు బల్ల దగ్గర నిలబడి రాస్తున్నాను. నాన్న సంతకం దాటి చూడడు. సంతకం కింద ఏం రాసినా చెల్లదంటాడు, అది ఎవరి కాగితమైనా సరే. నీతో పలకనని ఆయన ముందు పంతం పట్టాను, కాబట్టి ఆయనకి తెలియనివ్వకు. ఫోన్ ఎత్తను. ఫోన్లో నీ వేళ్ళ చప్పుడే వినిపిస్తుంది, నువ్వు వినిపించవు. అసలు సంగతి, దూరపు ఊళ్ళో పెద్ద పళ్ళ ల్యాబువాళ్ళు నన్ను పనిలోకి రమ్మంటున్నారు. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలి. నువ్వు ఇంటికి "రా" అంటే వాళ్ళకి రానని చెప్పేస్తాను. ఒక్క అక్షరం. బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు. అన్నట్టు, నీ నీలం చొక్కా వెనక వసారాలో బకెట్లో నానబెట్టి మరిచిపోయి వచ్చేశాను. తీసి ఆరెయ్యి, లేకపోతే ఇల్లంతా కంపు కొడుతుంది.

—

పూజ్యులైన మామయ్యగారికి,

నమస్కారాలు. ఆమె చెప్పింది నిజమే అయ్యుంటుంది. నేను ఏమన్నానో నాకు గుర్తులేదు, మరి నా తప్పు అక్కడే ఉంది. ఆమె లేదన్న సంగతి కూడా వెంటనే తెలియలేదు. పళ్ళు తోముకునే పేస్టు అయిపోయి, కేకేస్తే ఎవరూ పలక్కపోతే తెలిసింది.

నా ఉద్యోగం గురించి అడిగారు. రెండు కంప్యూటర్లు తెరిపి లేకుండా మాట్లాడుకోవాలంటే ముందు ఒక పలకరింపు జరగాలి. అడిగేవాడు "మనిద్దరి మధ్య తలుపు తీసి ఉంచు" అని వరుసగా వివరాలు రాసి పంపుతాడు. అందులో ఒక గుర్తుమాట పెడతాడు. అవతలివాడు ఆ గుర్తుమాటకి ఒక తోక తగిలించి, నూరి, వచ్చిన పిండిని జవాబులో పెట్టి పంపాలి. పిండి సరిపోతేనే మన ఉత్తరం చదివి జవాబిచ్చాడని నమ్మకం. జవాబు చివర ఒక ఖాళీ వరుస ఉంటుంది. అది వచ్చిందంటే పలకరింపు అయిపోయిందని. ఆ పలకరింపుల్ని చదివి, వివరాలు తప్పితే వెనక్కి తిప్పే కోడ్ రాయడమే నా పని.

ఇప్పుడు రాస్తున్నది ఒక ఆసుపత్రి కోసం. మంచం పక్కన మీట నొక్కితే నర్సు గదిలో తెర మీద పిలుపు కనబడాలి. అన్నీ కనబడుతున్నాయి గానీ, తెర వెలిగీ వెలగగానే రావలసిన మొదటి పిలుపు మాత్రం మాయమైపోతోంది. ఎక్కడికి పోతోందో అంతుబట్టక నిద్ర పట్టడం లేదు. దానికి తోడు ఇంట్లో ఏదో కంపు. ఎలక చచ్చిందేమోనని బీరువాలు జరిపి చూశాను, దొరకలేదు.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. మీకు రాసే ఉత్తరంలో ఇది పైన రాయడానికి మొహం చెల్లలేదు. దయచేసి ఆమెకి చదివి వినిపించండి. ఇంటికి రా. గీజరు బాగుచేయించాను. వేణ్ణీళ్ళు వస్తున్నాయి, నేను మాత్రం చన్నీళ్ళే పోసుకుంటున్నాను. ఎందుకో అడక్కు, నాకూ తెలీదు.

—

అల్లుడుగారికి,

ఆశీస్సులు. దగ్గు అలాగే ఉంది. మీ ఉత్తరం మా అమ్మాయిని కూర్చోబెట్టి గట్టిగా చదివి వినిపించాను. విషయం ఇప్పుడు బోధపడింది. మీరు ఆసుపత్రి గుమ్మంలో కూర్చుని, వివరాలు సరిగా చెప్పలేని రోగుల్ని వెనక్కి పంపించేస్తారు. మధ్యలో ఏదో పిండి కూడా నూరతారు. ఇలాంటి ఉద్యోగమని తెలిస్తే ఆ రోజు తల ఊపేవాణ్ణి కాదు. రోగం వచ్చినవాడికి వివరాలు ఎక్కడ గుర్తుంటాయి?

పోనీ మీ పద్ధతి ప్రకారమే అడుగుతాను. దాన్ని ఎందుకు వెళ్ళనిచ్చారని నేను అడిగాను. మీ జవాబు అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాను. నా ప్రశ్న నూరిన పిండి అందులో చిటికెడు కూడా లేదు. ఎలక గురించి మాత్రం ఉంది. మా అమ్మాయి అంతా విని "ఇంతేనా నాన్నా?" అంది. ఇంతే అన్నాను. లేచి లోపలికి పోయింది. అన్నం తినలేదు.

ఇట్లు,
మీ మామ

తా.క. మళ్ళీ నేనే. నాన్న నీ ఉత్తరం చదివి పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటాడు, నా చేతికివ్వడు. కానీ విన్నాను. రోగుల పిలుపు గురించి అంత రాశావు, నేను అడిగినదానికి ఒక్క ముక్క లేదు. ఎలక చావలేదు, చొక్కా బకెట్లో ఉందని రాశాను కదా. చదివి కూడా బీరువాలు జరిపావంటే నన్ను ఏడిపించడానికే అనుకోవాలా? రమ్మనడం ఇష్టం లేకపోతే వద్దని రాయి. అదీ ఒక జవాబే. ఇక్కడ అద్దం ముందు కూర్చుని ఎవరివో పళ్ళు నునుపు చేస్తుంటాను. అవి నవ్వుతుంటాయి, నేను చూస్తుంటాను.

—

పూజ్యులైన మామయ్యగారికి,

నమస్కారాలు. నేను గుమ్మంలో కూర్చోను. రోగుల్ని నేను చూడనే లేదు. ఒక గదిలో గోడకేసి కూర్చుంటాను. వెనక్కి తిప్పేది కంప్యూటర్లని, మనుషుల్ని కాదు. ఆమె అన్నం తినలేదని రాశారు. మీరు కొంచెం దగ్గరుండి తినిపించండి.

ఎందుకు వెళ్ళనిచ్చావని అడిగితే ఏం చెప్పను? వెళ్తోందని వినలేదు. చెవిలో పడింది, లోపలికి పోలేదు. ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర ఉంటే మీకు దాచేవాణ్ణి కాదు.

ఆఫీసులో పరిస్థితి బాగాలేదు. నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడొక పెద్దాయన పక్కకి తిరగలేక మీట నొక్కాడట, ఎవరూ రాలేదు. పిలిచాను కదా, వినే ఉంటారు, పనిలో ఉన్నారేమోనని మళ్ళీ నొక్కకుండా తెల్లారేదాకా అలాగే పడుకున్నాడు. "మిమ్మల్ని విసిగించడం ఎందుకులే అనుకున్నా బాబూ" అన్నాడు నాతో. ఈ వారంలో తప్పు దొరక్కపోతే నన్ను మాన్పించేస్తానని మేనేజరు అంటున్నాడు. ఆయన మాన్పించకపోయినా నేనే మానేసేలా ఉన్నాను.

కంపు ఎక్కువైంది. డ్రైనేజీదేనని ప్లంబరు వంటింటి గచ్చు తవ్వాడు. కింద మట్టి ఉంది.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. ఆమెకి: కిందటి ఉత్తరంలో రమ్మన్నాను, నువ్వు ఏమీ చెప్పించలేదు. కోపం తీరలేదనుకుంటాను. తీరకపోయినా రా, ఇక్కడికొచ్చి కోప్పడు. గచ్చు తవ్వేసి ఉంది, చీకట్లో చూసుకుని నడువు.

—

అల్లుడుగారికి,

ఈసారి ఆశీస్సులు రాయడానికి చెయ్యి రావడం లేదు, ఉన్నాయనుకోండి. గచ్చు తవ్వించుకునే తీరిక ఉంది గానీ, భార్యని రమ్మనడానికి తీరిక లేదన్నమాట. నేను దగ్గరుండి తినిపించాలా? మీ మాటలకి దానికి ఆకలి పుడుతుందా? ఉత్తరం మొత్తం విని అది "సరే నాన్నా" అంది. ఆ సరే నాకు నచ్చలేదు. వాళ్ళమ్మ కూడా ఇంక లాభం లేదనుకున్నప్పుడు అలాగే అనేది.

కాబట్టి విడిపోయే కాగితం ఒకటి రాసి ఉంచాను. నా చేతి రాతలో అంత అందమైన దస్తావేజు ఇంకొకటి లేదు. చదువుతుంటే నాకే కళ్ళు చెమర్చాయి. పంపమంటే పంపుతాను.

ఇంకో మాట. మీరు సంతకం పెట్టాక దాని కింద ఏదో గిలుకుతున్నారు. సంతకం కింద రాసింది ఏ కచేరీలోనూ చెల్లదు, నేను చదవను. ప్రతిసారీ కత్తెర పెట్టి ఆ ముక్క కత్తిరించడం నాకు అదనపు చాకిరీ. మానండి.

ఇట్లు,
మీ మామ

తా.క. ఇదే ఆఖరు. ల్యాబువాళ్ళకి వస్తానని రేపు సంతకం పెట్టి పంపుతున్నాను. నువ్వు వద్దని కూడా అనలేదు. ఆ పెద్దాయన ఎందుకు మళ్ళీ నొక్కలేదో నాకు తెలుసు. నేను మూడుసార్లు నొక్కాను, ఆయనే నయం. చొక్కా ఇంక ఉతక్కు, పారెయ్యి.

—

మామయ్యగారికి, ఆమెకి, ఇద్దరికీ,

నమస్కారాలు ఆయనకి. ఈ ఉత్తరంలో అంతా సంతకానికి పైనే ఉంటుంది.

ముందు ఆసుపత్రి సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. తప్పు దొరికింది. తెర అడుగుతుంది, అవతలి నుంచి జవాబు వస్తుంది, చివర ఖాళీ వరుస. అక్కడితో పలకరింపు అయిపోయింది కాబట్టి, ఆ కింద ఇంకేమైనా ఉంటే చెత్త కింద లెక్కేసి పారేసేలా రాశాను నేను. కానీ అవతలివాళ్ళకి అప్పటికే చెప్పాల్సింది ఉంటే, ఆగకుండా ఆ జవాబు కిందే అతికించి పంపేస్తారు. నేను పారేస్తున్నది చెత్త కాదు, వాళ్ళ మొదటి మాట. ఆ పెద్దాయన పిలుపు నా దాకా వచ్చింది. నేనే పారేశాను.

ఇది దిద్దాక కుర్చీలో వెనక్కి వాలాను. అప్పుడు మామయ్యగారి ఉత్తరం గుర్తొచ్చింది, సంతకం కింద గిలుకుతున్నారని ఆయన విసుక్కున్నది. ఆయన చదవరు సరే, మరి నేను చదివానా అనిపించింది. ఆయన తిట్లు సంతకం దాకా చదవడం, కింది మడత విప్పకుండా సొరుగులో పడెయ్యడం, ఇదే కదా చేస్తున్నాను. సొరుగు లాగి అన్నీ విప్పాను. అన్నిటి కిందా నీ అక్షరాలు.

నువ్వు మొదటిసారి అడిగినప్పుడే నేను "రా" అని రాశాను. అదీ సంతకం కింద. రెండోసారీ రాశాను. మామయ్యగారు కత్తిరించారు. ఆయన్ని ఏమీ అనకు, ఆయన పద్ధతి ఆయనది. సిగ్గుపడి కింద రాసింది నేను.

ఏడ్చాను. చొక్కా తీశాను. అది ఇప్పుడు చొక్కా కాదు. ప్లంబరుని పిలిచి గచ్చు మూసెయ్యమంటే, కంపు ఎక్కడిదో దొరికిందా అన్నాడు. డబ్బులిచ్చి పంపేశాను.

రా. రా. ఇంకా నెలాఖరు కాలేదు కదా. రా.

నీ భర్త

—

నీకు,

ఇది ఎవరి ఉత్తరం కిందా రాయడం లేదు, నా కాగితం మీద నేనే రాస్తున్నాను.

నీ ఉత్తరం నాన్న గట్టిగా చదివాడు. మధ్యలో రెండుసార్లు దగ్గాడు, ఒకటి మాత్రమే నిజం దగ్గు. చదవడం అయ్యాక కాగితం తిప్పి, కింద వేలితో తడిమి, "ఇంకేం రాయలేదేమే" అన్నాడు. ఆయన బతుకులో సంతకం కింద వెతకడం ఇదే మొదలు.

కత్తిరించిన ముక్కలేం చేశావు నాన్నా అని అడిగాను. నా గదిలోకి తీసుకెళ్ళి కిటికీ చూపించాడు. నాకు చలిగాలి కొడుతోందని రెక్క సందులో మడిచి కుక్కాడట. నేను దాని కిందే పడుకుంటున్నాను. గుండుసూదితో లాగితే వచ్చాయి. తడిసి సిరా పాకిపోయింది. ఒకదానిలో వేణ్ణీళ్ళు అన్న మాట కనబడింది, ఇంకోదానిలో చూసుకుని నడువు అని. ఆ రెండూ దీపం దగ్గర పెట్టి ఆరబెట్టాను. నాన్న గుమ్మంలో నిలబడి, "నేను మంచికే పెట్టానే" అన్నాడు. తర్వాత వెళ్ళి ఆ అందమైన దస్తావేజు చింపేశాడు. ముక్కలు మళ్ళీ కిటికీలో కుక్కాడు, గాలి వస్తోంది మరి.

ఇప్పుడు విను. నీ ఉత్తరం రాకముందే ల్యాబువాళ్ళకి సంతకం పెట్టి పంపేశాను. వాళ్ళు నేను కూర్చోబోయే బల్ల ఫోటో పంపారు, కిటికీ పక్కన. వెనక్కి తీసుకోవచ్చు, నాన్న ఎలా రాయాలో కూడా చెప్పాడు. కానీ తీసుకోను. నువ్వు పిలవలేదని ఒప్పుకున్నాను, ఒప్పుకున్నాక తెలిసింది నాకు ఆ పని కావాలని. నువ్వు పిలిచిన సంగతి తెలిసి సంతోషం వేసింది. బాధ కూడా వేసింది. రెండిట్లో ఏది ఎక్కువో చెప్పలేను.

నేను రాను. నువ్వు రా. గోడకేసి కూర్చునే పని ఎక్కడైనా చేసుకోవచ్చు, గోడలు అక్కడా ఉన్నాయి. అడ్రసు వెనక రాశాను. జవాబు రాయకు. ఉత్తరాలతో మనం ఏం చేసుకున్నామో చూశాం కదా. వస్తే మనిషివే రా. రాకపోతే, నువ్వు రాలేదని నాకు అదే తెలుస్తుంది.

నీ భార్య

తా.క. అక్కడ ఇల్లు నా పేరు మీద తీసుకున్నాను. కాబట్టి మళ్ళీ నేను మాట్లాడుతుంటే "ఊ" అన్నావంటే, ఈసారి తలుపు దగ్గరగా వేసి వెళ్ళాల్సింది నువ్వు.