సారు ఉన్న పక్క

మదురై,
మార్చి 2

ప్రియమైన వదినెకు,

ప్రభాకరన్ నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. మూడు పేజీలూ తెలుగు అక్షరాల్లోనే! ఒత్తులు కొన్ని పక్కింటికి పోయాయి, ‘ధ’ బదులు ‘ద’ రాశారు, అయినా సంతోషంతో కళ్ళు చెమర్చాయి. మనవాళ్ళు వందల ఏళ్ళుగా ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, రాయాల్సి వస్తే తమిళ అక్షరాల్లో రాసుకుంటూ వచ్చారు. ఈ వయసులో మనిద్దరం దిద్దుకుంటున్నాం. ఫోనుండగా ఉత్తరాలేమిటని మా ఇంట్లో నవ్వుతారు, నవ్వనీండి. తప్పు రాసిన మాటలకు కింద గీత గీశాను. ఒక్కొక్కటి పదిసార్లు రాసి పంపండి. మా అయ్యవారి శిక్ష అదే!

ఇక ఇక్కడి సంగతి బాగాలేదు. రంగరాజన్ సారు ఈసారి మా నియోజకవర్గంలో నిలబడ్డారు. ఆయన విమానదళంలో ఉన్నప్పుడు ముప్పై రెండేళ్ళ కిందటి ఆ వరదల్లో హెలికాప్టర్ నడపనే లేదని అవతలి పార్టీవాడు టీవీలో అన్నాడు. అప్పటినుంచి టీ కొట్లలో, బస్సుల్లో అదే వాదన. నిన్న నా కొట్లో నూలు కొంటూనే ఒకడు, “మీ సారు ఎగిరింది పోస్టర్లోనే కదన్నా” అన్నాడు. కొట్టబోయి ఆగాను.

సారు చెప్పేది మీకు తెలిసిందే. మొదటి రెండు రోజులూ తానే నడిపారు, ఇంజినీరుగా మా అన్న పక్కన. మూడో రోజు సారుకు జ్వరం. చిన్న పైలట్ అయ్యసామి తీసుకెళ్ళి, తొందరపడి కరెంటు తీగలకు తగిలించాడు. వాడూ పోయాడు, అన్ననూ తీసుకుపోయాడు.

రెండో రోజు సాయంత్రం అన్న రాసిన ఉత్తరం మీ దగ్గరుంది కదా. అది పంపండి వదినె. ఇరవై ఏళ్ళుగా సారు పేరు గోడల మీద రాసినవాణ్ణి. ఆయన అబద్ధమైతే నేనూ అబద్ధమే.

మీ మరిది,
ప్రభాకరన్

*

కారమడై,
మార్చి 9

ప్రియమైన మరిది ప్రభాకరన్‌కు,

వదినె శివకామి ఆశీస్సులు. నువ్వు వేసిన శిక్ష పూర్తి చేశాను, కాగితం జత చేశాను చూడు.

మీ అన్న ఉత్తరం రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. జెరాక్సు ఒకటి తీసి పెట్టుకున్నాను. అది శవం వచ్చిన నాలుగో రోజున వచ్చింది, గుర్తుందా? నాకు కళ్ళు కనపడక నీ చేతికిచ్చాను. పదిహేడేళ్ళవాడివి, వాకిట్లో నిలబడి చదివావు. ఆ తరువాత నేను దాన్ని చదివిందే లేదు. పెట్టెలో కర్పూరం మార్చేటప్పుడు తాకడం, మళ్ళీ పెట్టడం. అందులోని మాటలు నాకు నీ గొంతులోనే వచ్చు.

మాసి నెల తేరు తిరునాళ్ళకు అయ్యసామి అక్క కాంతమ్మాళ్ ఈసారీ ఒట్టన్‌చత్రం నుంచి వచ్చింది. ప్రతి ఏడూ ఇంతే. మన వీధి చివర చెప్పులు విడిచి, తలవంచుకుని నిలబడుతుంది. నేను తలుపేసుకుంటాను. మహాపాపమే కావచ్చు, కానీ నా మొగుణ్ణి చంపినవాడి అక్కకు నేను మంచినీళ్ళివ్వలేను.

ఒక్క మాట ప్రభాకరా. పదిమందిలో చదివితే ఉన్నదున్నట్టు చదువు. ఆయన పోతూ మనకిచ్చింది అదొక్కటే. అందులో ఒక్క అక్షరం పెంచొద్దు, తగ్గించొద్దు.

ఇట్లు,
వదినె శివకామి

*

మదురై,
మార్చి 16

ప్రియమైన వదినెకు,

ఉత్తరం భద్రంగా చేరింది. కళ్ళకద్దుకున్నాను. అన్న చేతి రాత చీమలబారే, ఏం మారలేదు. తమిళ అక్షరాలు, తెలుగు మాటలు. మనకు కావలసింది రెండో పేజీలోనే ఉంది: “రంగరాజన్ సారు రెండు దినాలూ కుడి పక్కే ఉండారు. అయ్యసామి సారుకు కంట నిద్ర లేదు, పాపం.” అన్న సెలవుల్లో వచ్చినప్పుడు నాకు చెప్పేవాడు, హెలికాప్టర్‌లో కేప్టెన్ సీటు కుడి పక్క అని. ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి? అయ్యసామేమో తన వంతు ఎప్పుడొస్తుందా అని నిద్ర మానుకున్నాడు, వంతు రాగానే కొంప ముంచాడు.

నవ్వొచ్చే సంగతి ఒకటి. మా పార్టీ ఆఫీసులో తమిళతను ఒకడు చూసి, “ఏమిటన్నా, మీ సారు కుడి పక్క ఉన్నాడని రాశాడే!” అని బెదిరిపోయాడు. వాళ్ళకు కుడి అంటే తాగుడు కదా! అందుకే వేదిక మీద నేనే చదువుతానన్నాను. 29వ తేదీ ఆదివారం సభ. సారు నా భుజం మీద చెయ్యి వేసి, “నీ అన్న రుణం ఈ జన్మలో తీరదప్పా” అన్నారు.

మీ మరిది,
ప్రభాకరన్

*

కారమడై,
మార్చి 23

ప్రియమైన ప్రభాకరన్‌కు,

ఈ ఉత్తరం అందగానే చదువు. సభకు ముందే చదువు. ఫోనులో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నిన్న పీలమేడు తెలుగు క్లాసులో జానకమ్మాళ్ టీచరు, ఇంట్లోని పాత ఉత్తరం ఏదైనా తెలుగు అక్షరాల్లోకి ఎత్తి రాయమంది. నేను ఆయన ఉత్తరం జెరాక్సు తీశాను. రెండో పేజీలో ఆ ‘కుడి’ దగ్గరికి రాగానే టీచరు వేలు పెట్టి, “ఇది కనా, గనా?” అని అడిగింది. తమిళంలో రెంటికీ ఒకటే అక్షరం కదా. “కనే” అని రాసేశాను. బస్సులో కూర్చున్నాక జెరాక్సు మళ్ళీ బయటికి తీశాను.

మన ఇంట్లో కుడి అన్నదెవరు ప్రభాకరా? సోత్తాంకై పక్క అంటాం, అన్నం తినే చెయ్యి పక్క అని. ఆయన వాచీ ఆ చేతికే కట్టుకునేవాడు. ఏడాదిన్నర కాపురంలో కుడి అనే మాట ఆయన నోట నేను వినలేదు. కుడి మనం ఇప్పుడు పుస్తకంలో నేర్చుకున్న మాట, నీకు అప్పటికే ఎవరో నేర్పి ఉంటారు. ఇంటికొచ్చి మొదటి పేజీ చూశాను. “పెరుమాళ్ గుడి పక్క టెంట్లు వేసినాము” అని రాశాడు. అక్కడ గుడి అని సరిగ్గా చదివావు. రెండో పేజీలోనూ అదే అక్షరం, అదే మాట.

సారు రెండు రోజులూ గుడి పక్కే ఉన్నారు. టెంట్లో. హెలికాప్టర్ ఎక్కనే లేదు. ఎక్కింది అయ్యసామి. రెండు రోజులు, రెండు రాత్రులు, కంట నిద్ర లేకుండా, మార్చుకునే మనిషి లేకుండా. మూడో రోజు కూడా అతనే. తీగలు కనపడకపోతే తప్పెవరిది?

చదవొద్దు నాయనా. సారును ఏమీ అడగకపోయినా పర్వాలేదు. చదవడం మాత్రం వద్దు.

వదినె శివకామి

*

మదురై,
ఏప్రిల్ 2

వదినెకు,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి ఆడలేదు.

మీ ఉత్తరం శుక్రవారమే అందింది. అందలేదని రాద్దామనుకున్నాను. నాలుగు కాగితాలు చింపాను.

ఆదివారం సభకు పోతూ కారులో సారు చేతికి అన్న ఉత్తరం ఇచ్చాను. మీరు రాసింది నేను చెప్పలేదు. కనా, గనా అని అడగలేదు. “రెండో పేజీ ఒకసారి చదవండి సార్” అన్నాను, అంతే. ఆయనా మన తెలుగువారే కదా. కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివారు. “రంగరాజన్ సారు రెండు దినాలూ గుడి పక్కే ఉండారు.” తడబడలేదు. గుడి అనే చదివారు.

 ఆ రెండు రోజులూ తానెక్కడున్నాడో ఆ మనిషికి తెలియదా! కళ్ళజోడు తీశారు. తరువాత నెమ్మదిగా అన్నారు: “బయం ప్రభాకరా. ముందు నాడు ఆడికి వస్తావుంటే పైనించి ఆ నీళ్ళు సూసినంక కాళ్ళు ఆడలే. జ్వరమని సెప్తిని. ఆ పిల్లగాడు, నేను పోతాను సార్, మీరు పండుకోండి అనె.” సభ దగ్గర జెండాలు కనపడగానే ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టారు. “నువ్వు కుడి అనే సదువు. ముప్పై ఏండ్లుగా అట్లే గదా సదివితివి.”

చదివాను వదినె. మీ ఉత్తరం చొక్కా జేబులోనే ఉంది. కుడి అని గట్టిగా, మైకు అదిరేలా చదివాను. జనం లేచి చప్పట్లు కొట్టారు. కొందరు ఏడ్చారు. నేనూ ఏడ్చాను, ఎందుకో వాళ్ళకు తెలియదు.

పదిహేడేళ్ళప్పుడు తెలియక చదివాను, దేవుడే సాక్షి. మొన్న తెలిసే చదివాను. చదవకుండా వేదిక దిగి వచ్చేస్తే ఈ ఇరవై ఏళ్ళూ నేనెవరిని? ఆ ప్రశ్నకే భయపడ్డాను. సారు నీళ్ళకు భయపడ్డారు, నేను దీనికి.

ఉత్తరాన్ని సారు ఆఫీసులో అద్దం కట్టించి పెట్టారు. కింద తెలుగులో, కుడి అనే, ఆ వాక్యం ఉంది. నా చేతి రాతే.

ప్రభాకరన్

*

కారమడై,
ఏప్రిల్ 12

ప్రభాకరన్‌కు,

నువ్వు చదవడం ఫోనులో చూశాను. వీధంతా చూసింది. కుప్పమ్మాళ్ వచ్చి, మీ మరిది ఎంత బాగా చదివాడో అని నా చేతులు పట్టుకుంది. నేను చేతులు విడిపించుకుని లోపలికి పోయాను.

మంగళవారం జెరాక్సు తీసుకుని ఒట్టన్‌చత్రం పోయాను. మార్కెట్‌లో కాంతమ్మాళ్ మునక్కాయలు కట్టలు కడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది, తిట్టడానికి వచ్చాననుకుంది. నేను ముందుగా తాగడానికి నీళ్ళు అడిగాను. చెంబు కడిగి, నింపి, రెండు చేతులతో ఇచ్చింది. తాగాక, గోనెసంచి మీద కూర్చుని ఉత్తరం మొదటినుంచి చదివి వినిపించాను. నా గొంతుతో. గుడి అన్నచోట గుడి అని.

ఆమె ఒకటే అడిగింది: “అంటే తూంగకుండానే, కన్ను మూయకుండానే తోలినాడా వాడు? రెండు దినాలు?” అవునన్నాను.

మునక్కాయల కట్ట ఒళ్ళో పెట్టుకుని అట్లాగే ఉండిపోయింది. “అన్నెం పున్నెం ఎరగని మనిసిని సంపినాడని మా నాయన వాడికి దినం కూడా పెట్టనీలే వదినె. ముప్పై రెండేండ్లు వాడికి ముద్ద కూడు లేదు” అంది. నేను ఆమె కాళ్ళు పట్టుకోబోయాను, పట్టుకోనివ్వలేదు. ఈ అమావాస్యకు అయ్యసామికి మొదటి దినం పెడుతున్నాం. నేను పోయి వండుతాను.

జెరాక్సు ఆమె దగ్గరే వదిలేసి వచ్చాను. ఎవరికి చూపించుకుంటుందో ఆమె ఇష్టం. చూపించమని నేను చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. పేపరువాళ్ళు నా దగ్గరికొస్తే మాత్రం గుడి అనే చెబుతాను.

నీ మీద కోపం లేదనను. ఉంది. నీ గొంతులో ముప్పై రెండేళ్ళు నా మొగుణ్ణి విన్నాను, ఇప్పుడు ఆ గొంతు వినాలంటే భయమేస్తోంది.

నాకు అక్షరాలు దిద్దించింది నువ్వే. తప్పు రాసిన మాట పదిసార్లు రాయాలన్నావు, నేను రాశాను. ఇప్పుడు నీ వంతు. గుడి అని పదిసార్లు రాసి పంపు. ఆ అద్దం కింద రాసిన చేత్తోనే రాయి.

శివకామి