తిరగేసి వేసిన గాస్కెట్

ఏమండీ, కారు స్టార్ట్ చేయకండి. ఇంజన్‌కు బిగించిన ఆ గొట్టాల మానిఫోల్డ్ మళ్లీ విప్పండి. గాస్కెట్ తిరగేసి వేశారు, దాని రంధ్రాలు ఇంజన్ రంధ్రాలకు ఎదురుపడవు. నిన్న మీరు బిగించకముందే చెప్పాను. "ఇది కుక్కర్ గాస్కెట్ కాదులే తల్లీ" అని మీ స్నేహితుడి ముందు నవ్వారు. ఆయనా నవ్వాడు. నేను టీ కప్పులు తీసుకుని లోపలికి వచ్చేశాను.

ఒకసారి బిగించి నలిగిన గాస్కెట్ మళ్లీ పనికిరాదు. కొత్తది షెడ్డు కిటికీలో పెట్టాను. అంటుకుపోయిన పాతది గీకడానికి నా కూరగాయల కత్తి ముట్టుకోకండి. నట్లు మధ్య నుంచి చివరలకు బిగించండి. మా నాన్న అలాగే బిగించేవారు, పక్కన లైటు పట్టుకునేది నేనే. ఇది ఆయన కారు. ఆదివారం అమ్మను ఇందులోనే తిప్పుతానని మాటిచ్చింది మీరు.

నేను అమ్మ దగ్గరికి వెళ్తున్నాను.

కుక్కర్ గాస్కెట్ కూడా పాడైంది. అదీ మీరే మార్చండి. ఎటు తిప్పి వేసినా సరిపోతుంది.