పిండి పళ్ళెంలో చినుకులు

తమ్ముడూ,

ఆ ఉదయం నాకింకా కళ్ళకు కట్టినట్టే ఉంది. జగ్గయ్యపేట ఇంట్లో శ్రావణ శనివారం. దీపాలు చేద్దామని జల్లించి పెట్టిన బియ్యప్పిండి పళ్ళెం పట్టుకుని నువ్వు పెరట్లో ముసురు వానలో నిలబడ్డావు.

"దేవుడి పిండిరా అది!" అని అరిచాను.

"చినుకెంత ఉందో పిండే చెబుతుందక్కా," అంటూ దాన్ని మళ్ళీ జల్లించి, ఒక్కో చినుక్కి ఒక్కోటిగా కట్టిన ఆవగింజలంత ఉండలు చూపించావు. వేసవి గాలివానకైతే శనగలంత వచ్చాయనీ, మబ్బును బట్టి చినుకు మారుతుందనీ చెప్పావు.

"వానకి ఉప్మా చేసిపెడుతున్నావా బామ్మర్దీ?" అని మీ బావ ఒకటే నవ్వు. నువ్వు మాత్రం ఉండలు ఎండబెట్టి సీసాల్లో దాచావు.

ఈరోజు నందిగామ కాలేజీ సైన్సు పోటీలో మీ సుధ ఆ సీసాలే పెట్టింది. "నాన్న చెప్పింది తప్పని తేలితే ఎట్లా అత్తా?" అని బస్సులో నా చెయ్యి వదల్లేదు. నేను స్వామిని తలుచుకుంటూ కూర్చున్నాను.

"వానంతా ఒకటే కదమ్మా?" అన్నారు పరీక్షించడానికొచ్చిన మాస్టారు. బయట ముసురు పడుతోంది. సుధ పిండి పళ్ళెం వానలో పట్టి, తెచ్చి జల్లించింది. అవే ఆవగింజలు! నీ ముసురు సీసా పక్కన పెడితే తేడా లేదు. గాలివాన సీసా చూపించగానే ఆయన లేచి నిలబడ్డారు.

"ఎవరమ్మా ఇవి పోగేసింది?"

"మా నాన్నండి."

మొదటి బహుమతి మనదేరా!

సాయంత్రం అందరం కూర్చుని ఒక మాట అనుకున్నాం. ఇకమీదట ఏ వాన పడ్డా మనింట్లో పిండి పళ్ళెం పెట్టాలి. శ్రావణ శనివారమైనా సరే, పిండి ముందు వానకి, తరవాతే దీపాలకి. ఆ చివరి మాట అన్నది నేనే.

అక్క